వేట నిషేధం రోజుల్లో బోటు సోలార్ చార్జింగ్: 61 రోజుల లెక్క

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ కాకినాడ రేవులో సోనా బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని తాళ్ల మీద ఊగుతుంటాయి. ఇంజిన్ తిరగదు కాబట్టి ఆల్టర్నేటర్ నుంచి చార్జింగ్ ఉండదు. క్యాబిన్ పైకప్పు మీదున్న సోలార్ ప్యానెళ్లే బ్యాటరీకి దిక్కు. ఆ బ్యాటరీ మీద నడిచేవి రాత్రి లైటూ, కాపలా మనిషి ఫ్యానూ మాత్రమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. బోటు అడుగున ఊరే నీటిని బయటికి తోడే బిల్జ్ పంపు కూడా దాని మీదే నడుస్తుంది. బ్యాటరీ పడుకుంటే పంపు ఆగుతుంది. పంపు ఆగితే ఏమవుతుందో రేవులో పుట్టిపెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

"పచ్చ లైటు వెలుగుతోంది బాబాయ్, చార్జింగ్‌కేం ఢోకా లేదు." రేవులో ఎక్కువగా వినిపించే మాట ఇదే. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్లలో చాలావాటికి ఆ లైటు చెప్పేది ఒక్కటే: ప్యానెల్ వైపు నుంచి బ్యాటరీ కంటే ఎక్కువ వోల్టేజీ వస్తోందని. ఎంత కరెంటు లోపలికి వెళ్తోందో, రాత్రి వాడింది తిరిగి నిండిందో లేదో దానికి తెలియదు. వైరు చివర బిగించే లగ్గు సగం తుప్పు పట్టి, అర ఆంపియరే లోపలికి వెళ్తున్నా లైటు పచ్చగానే ఉంటుంది. అందుకే నిషేధం మొదలయ్యే ముందు మీటర్లు సరిచేసుకుని, రోజూ రెండుసార్లు అంకెలు రాసుకునే పద్ధతి పెట్టుకోవాలి. ఆ పద్ధతి, అందులో ఎదురయ్యే చిక్కులు ఇవి.

ముందు బోటులో ఏముందో చెప్పాలి. క్యాబిన్ మీద 100 వాట్ల ప్యానెళ్లు రెండు, ఒక్కోదానిలో 36 సెల్స్. లేబుల్ మీద పనిచేసే వోల్టేజీ 18 దరిదాపు, కరెంటు 5.5 ఆంపియర్లు, వైరు విప్పేసి చూస్తే 22 వోల్టులు. రెండూ పారలల్‌లో ఉన్నాయి. 15 ఆంపియర్ల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే రకం) కంట్రోలర్. సామాన్లకు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ. ఇంజిన్ స్టార్టింగ్ బ్యాటరీ పూర్తిగా వేరు, దాన్ని ఇందులో కలపకూడదు. కేరళలో వైకం, తవనక్కడవు మధ్య 2017 నుంచి తిరుగుతున్న 'ఆదిత్య' ఫెర్రీ లాంటిది కాదిది. దాని ప్యానెళ్లు 20 కిలోవాట్లు, మోటారే వాటి మీద నడుస్తుంది. మనది అందులో నూరో వంతు. కానీ చిన్న వ్యవస్థలోనే తప్పుకు చోటు తక్కువ. రోజుకు 5 ఏహెచ్ ఎటో పోతే అక్కడ లెక్కలోకి రాదు, ఇక్కడ రెండు వారాల్లో బ్యాటరీ సగానికి వస్తుంది.

వచ్చేదెంత, పోయేదెంత

మీటరు చూసే ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. లేకపోతే మీటరు ఏ అంకె చూపినా అది మంచిదో చెడ్డదో తెలియదు.

200 వాట్లని లేబుల్ చెప్పినా నడి మధ్యాహ్నం వచ్చేది 140, 150 వాట్లే. మే నెలలో ప్యానెల్ గాజు చెయ్యి ఆనించలేనంత కాలుతుంది. లోపలి సెల్స్ 65 డిగ్రీలు దాటతాయి. లేబుల్ మీది వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆ పైన డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది, అంటే 40 డిగ్రీలకు 16 శాతం వేడికే పోతుంది. దుమ్ము, ఉప్పు, వైర్ల నష్టం దానికి అదనం. కాబట్టి 10, 11 ఆంపియర్లు కనిపిస్తే ప్యానెళ్లు బాగున్నట్టే. రోజు మొత్తానికి 200 వాట్లు, 5 గంటల నిండు ఎండ, అందులో 70 శాతం అనుకుంటే 700 వాట్-అవర్లు, సుమారు 52 ఏహెచ్. మనకు అందుబాటులో ఉండే గరిష్ఠం ఇంతే.

ఇక ఖర్చు. ఎల్‌ఈడీ లంగరు లైటు 0.2 ఆంపియర్లు 12 గంటలు, 2.4 ఏహెచ్. క్యాబిన్ లైటు 1 ఆంపియరు 4 గంటలు, 4 ఏహెచ్. డీసీ ఫ్యాను 1.5 ఆంపియర్లు 8 గంటలు, 12 ఏహెచ్. ఫోన్ చార్జింగ్ రెండున్నర. బిల్జ్ పంపు నడిచేటప్పుడు 4 ఆంపియర్లు, పొడి బోటులో రోజుకు 20 నిమిషాలు అనుకుంటే 1.3. మొత్తం 22 ఏహెచ్. ఫ్యానే సగం తినేస్తోంది చూశారా. మబ్బు పట్టిన రోజుల్లో ముందు ఆపాల్సింది దాన్నే, పంపు జోలికి పోకూడదు.

52 వస్తుంది, 22 పోతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కంట్రోలర్ యాప్‌లో రోజుకు 350, 360 వాట్-అవర్లే కనిపించేసరికి ప్యానెల్ ఒకటి చెడిందని కంగారుపడి మెకానిక్‌ని పిలుస్తారు. ప్యానెల్‌కి ఏమీ కాలేదు. బ్యాటరీ పదకొండింటికే నిండిపోయి, ఆ తర్వాత కంట్రోలరే కరెంటు తగ్గించేసింది. వాడిన 22 ఏహెచ్‌కు చార్జింగ్ నష్టం కలిపితే 26 ఏహెచ్, 13.8 వోల్టుల దగ్గర దాదాపు 360 వాట్-అవర్లు. ఆ రోజు వచ్చినది తక్కువ కాదు, పట్టినది తక్కువ. ప్యానెల్ సత్తా తెలియాలంటే బ్యాటరీ ఆకలిగా ఉన్నప్పుడు, అంటే కంట్రోలర్ బల్క్ దశలో (ప్యానెల్ ఇచ్చేదంతా బ్యాటరీకి పంపే మొదటి దశ) ఉన్నప్పుడే కరెంటు చూడాలి.

షంట్ ఎక్కడ పెట్టాలి

కంట్రోలర్ యాప్ వచ్చింది చెబుతుంది, పోయింది చెప్పదు. రెండూ తెలియాలంటే బ్యాటరీ మైనస్ వైరులో షంట్ ఉండాలి. షంట్ అంటే చాలా తక్కువ నిరోధం ఉన్న లోహపు పట్టీ. దాని రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలిచి మీటరు కరెంటు లెక్కగడుతుంది. 100 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని రాసి ఉన్నదానిలో ఒక ఆంపియరుకు 0.75 మిల్లీవోల్టు వస్తుంది. 500 ఆంపియర్లు, 50 మిల్లీవోల్టులది అయితే ఆంపియరుకు 0.1 మాత్రమే. లంగరు లైటు 0.2 ఆంపియర్ల లాంటి చిన్న కరెంటును రెండో రకంలో పట్టాలంటే మీటరు మంచిదై ఉండాలి. చౌక మీటరుకు 100 ఆంపియర్ల షంటే మేలు. కాకపోతే స్టార్టర్ మోటారు కరెంటు దాని గుండా పోకూడదు, వందల ఆంపియర్లకు పట్టీ కాలిపోతుంది.

కొనేముందు ఒక్క సంగతి అడగాలి: కరెంటు రెండు దిక్కులా లెక్కపెడుతుందా? వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, యూనిట్లు నాలుగూ చూపించే చౌక రకాలు చాలావరకు ఒక దిక్కే లెక్కపెడతాయి. చార్జింగ్ వైపు పెడితే డిస్‌చార్జ్ సున్నా చూపిస్తాయి. అలాంటివే వాడాలంటే ప్యానెల్ దారిలో ఒకటి, సామాన్ల దారిలో ఒకటి, రెండు కావాలి.

బిగించేటప్పుడు సూత్రం చిన్నదే. బ్యాటరీ మైనస్ పోస్టు మీద షంట్ వైరు తప్ప ఇంకేదీ ఉండకూడదు. కంట్రోలర్ మైనస్, పంపు మైనస్, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు మైనస్ అన్నీ షంట్ అవతలి వైపు బస్‌బార్ (వైర్లన్నీ ఒకచోట బిగించే లోహపు పట్టీ) మీదికి రావాలి. చెప్పడం సులువే. ఆచరణలో జరిగేదేమిటంటే, బిల్జ్ పంపును ఎప్పుడో ఎవరో నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటారు, మెయిన్ స్విచ్ ఆపినా పంపు ఆగకూడదని. ఆ ఆలోచన సరైనదే. పంపు ప్లస్ నేరుగా బ్యాటరీకే ఉండనివ్వండి, మధ్యలో ఫ్యూజుతో. మైనస్ మాత్రం షంట్ అవతలికి మార్చాలి. లేకపోతే అన్నిటికంటే ముఖ్యమైన వాడకమే లెక్కలోకి రాదు. మీటరు 95 శాతం అంటుంది, బ్యాటరీ 60 దగ్గర ఉంటుంది.

సరిగా పడిందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. సాయంత్రం ప్యానెల్ మీద టార్పాలిన్ కప్పి అన్నీ ఆపండి. మీటరు సున్నా చూపాలి, లేదా కంట్రోలర్ తినే పది, ఇరవై మిల్లీఆంపియర్లు. ఇప్పుడు ఒక్కోటి వేస్తూ చూడండి. ఏది వేసినా అంకె కదలాలి. కదలనిది షంట్ దాటి పోతోందన్నమాట. అంతా ఆపినా 0.1 ఆంపియరు చూపిస్తుంటే సున్నా సవరణ చేయకుండా వదలొద్దు. 0.1 ఆంపియరు తప్పు రోజుకు 2.4 ఏహెచ్, నెలకు 72. అంటే బ్యాటరీలో సగం, ఉత్తుత్తి లెక్క.

క్లాంప్ మీటరుతో సరిచూసుకునేవాళ్లు అది డీసీ కొలిచే రకమో కాదో చూసుకోవాలి. ఇళ్ల వైరింగ్ పనివాళ్ల దగ్గర ఉండేది చాలాసార్లు ఏసీ మాత్రమే కొలుస్తుంది. సోలార్ వైరు మీద పెడితే సున్నా చూపిస్తుంది, ప్యానెల్ పోయిందని తీర్పు కూడా చెప్పేస్తారు.

శాతాన్ని నమ్మాలంటే

షంట్‌కు కలిపిన మీటరు, అంటే బ్యాటరీ మానిటర్ చూపే శాతం కొలత కాదు, లెక్క. బ్యాటరీ ఎప్పుడు నిండిందో దానికి చెప్పాలి, అక్కడి నుంచి అది కూడికలు, తీసివేతలు చేస్తుంది. విక్ట్రాన్ కంపెనీ మానిటర్ పెట్టెలోంచి తీసినప్పటి సెట్టింగుల్లో 13.2 వోల్టుల పైన ఉండి, కరెంటు సామర్థ్యంలో 4 శాతం కంటే తక్కువై, 3 నిమిషాలు అలాగే ఉంటే 'నిండింది' అనుకుంటుంది. కరెంటు చార్జర్ పెట్టుకునే చోట ఇది చాలు. సోలార్‌లో కుదరదు. 150 ఏహెచ్‌లో 4 శాతం అంటే 6 ఆంపియర్లు. పొద్దున తొమ్మిదింటికి బ్యాటరీ 13.4 దగ్గర ఉంటుంది, ఒక మబ్బు అడ్డొచ్చి కరెంటు 3 ఆంపియర్లకు పడుతుంది. మూడు నిమిషాలకు శాతం ఒక్క ఉదుటున 100కి ఎక్కి కూర్చుంటుంది. కరెంటు తగ్గింది బ్యాటరీ నిండి కాదు, ఎండ తగ్గి.

అందుకే ఆ వోల్టేజీని అబ్సార్ప్షన్ వోల్టేజీకి (బల్క్ తర్వాత బ్యాటరీ పూర్తిగా నిండేదాకా కంట్రోలర్ నిలిపి ఉంచేది) దగ్గరగా పెంచాలి, తోక కరెంటును, అంటే ఆ 4 శాతాన్ని 2 శాతానికి దించాలి. కంట్రోలర్ 14.4కి పెట్టి ఉంటే మానిటర్‌లో 14.2 పెట్టేయాలని చేయి లాగుతుంది. మన ఎండల్లో అది కూడా బెడిసికొడుతుంది. కంట్రోలర్ వేడిని బట్టి వోల్టేజీ తగ్గిస్తుంది. 25 డిగ్రీల పైన డిగ్రీకి 16 మిల్లీవోల్టులు తగ్గించే రకమైతే 40 డిగ్రీలకు 14.4 కాస్తా 14.16 అవుతుంది. 14.2 ఎప్పటికీ రాదు, శాతం ఎప్పటికీ సరికాదు. 13.9 పెడితే రెండు చిక్కులూ తప్పుతాయి. బ్యాటరీ సామర్థ్యం 150, ప్యూకర్ట్ సంఖ్య (వేగంగా వాడితే బ్యాటరీ ఇచ్చేది ఎంత తగ్గుతుందో చెప్పేది) 1.25 అలాగే ఉంచి, చార్జింగ్ ఎఫిషియెన్సీ (ఎక్కించినదానిలో తిరిగి దక్కే శాతం) మాత్రం పాత ట్యూబులర్‌కి 95 బదులు 85, 90 మధ్య పెట్టడం మంచిది.

వేడి సవరణలో ఇంకో మెలిక ఉంది. చౌక కంట్రోలర్లు వేడిని తమ ఒంట్లోనే కొలుచుకుంటాయి. కంట్రోలర్ క్యాబిన్ గోడకు, పడమటి ఎండ తగిలే చోట ఉంటే 45, 50 డిగ్రీలు. బ్యాటరీ కింద నీడలో 33. బ్యాటరీకి అక్కర్లేని తగ్గింపు పడి, రోజూ కాస్త కాస్త సగం కడుపుతో ఉంటుంది. బ్యాటరీకి అంటించే సెన్సర్ వైరు ఉంటే వాడాలి, లేకపోతే కంట్రోలర్‌ను తూర్పు గోడకు, గాలి తగిలేలా మార్చాలి.

తెల్లవారుజాము అంకె

రోజంతటిలో ఒక్కసారే మీటరు చూసే వీలుంటే అది సూర్యోదయానికి ముందే చూడాలి. పగలు కనిపించే 13.6, 14.1 బ్యాటరీవి కావు, కంట్రోలర్‌వి. చార్జింగ్ ఆగాక కూడా పైపూత లాంటి వోల్టేజీ కొన్ని గంటలు నిలుస్తుంది. రాత్రి వాడకానికి అది కరిగిపోయి, తెల్లవారుజామున ఫ్యాను ఆపిన అరగంటకు కనిపించేదే అసలు రంగు.

నిండిన బ్యాటరీ 12.7 చూపాలి అని ఎక్కడ చూసినా రాస్తారు. కారు బ్యాటరీకి అది సరే. మన ట్యూబులర్‌లో యాసిడ్ పలచన, నిండినప్పుడు హైడ్రోమీటరు 1.240 చూపిస్తుంది. దానికి 0.84 కలిపితే ఒక సెల్ వోల్టేజీ, 2.08. ఆరు సెల్స్‌కు 12.48. కాబట్టి ట్యూబులర్ పొద్దున్నే 12.45 చూపితే నిండు కడుపే. దాన్ని 12.7కి తేవాలని వోల్టేజీ పెంచితే నీళ్లు ఆవిరవుతాయి తప్ప లాభం లేదు. 12.1 దగ్గర ఉంటే సుమారు సగం. 11.9 కంటే కిందికి పోతే ఆ రోజు ఫ్యాను బంద్.

వారానికోసారి హైడ్రోమీటరు తప్పదు. ఏ మీటరూ ఆరు సెల్స్‌ను విడివిడిగా చూడలేదు. ఆరింటిలో ఒకటి మిగతావాటికంటే 0.030 తక్కువ చూపితే ఆ సెల్ దెబ్బతిన్నట్టు. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే కొలవకూడదు, నీళ్లు పైనే తేలుతుంటాయి. ఒక పూట చార్జింగ్ అయ్యాక కొలవాలి. ఎండాకాలం 35 డిగ్రీల దగ్గర అంకె 0.005 తక్కువ కనిపించడం మామూలే.

సాయంత్రం ఆరింటికి, తెల్లవారి ఐదింటికి ఏహెచ్ అంకె రాస్తే తేడా రాత్రి వాడకం. ఇది బ్యాటరీ గురించి చెప్పేదానికంటే బోటు గురించి ఎక్కువ చెబుతుంది. లైటు, ఫ్యాను రోజూ ఒకేలా తింటాయి. రాత్రికి 16 ఏహెచ్ అయ్యేది ఒకరోజు 21 అయితే ఆ 5 ఏహెచ్ పంపుదే అయి ఉండాలి. 4 ఆంపియర్ల పంపుకు అది గంటా పావు. 20 నిమిషాలు నడవాల్సిన పంపు గంటన్నర నడిచిందంటే ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ నీళ్లు రాకుండా ఆపే గ్లాండ్ ప్యాకింగ్ వదులైనా అయి ఉండాలి, చెక్క బోటైతే పలకల సందు తెరుచుకునైనా ఉండాలి. నీళ్లు కంటికి కనిపించవు, పంపు తోడేస్తోంది కదా. కాగితం మీద అంకె మాత్రం పట్టిస్తుంది.

అర్ధరాత్రి ఎప్పుడు చూసినా లైటు, ఫ్యాను పోను ఇంకా రెండున్నర ఆంపియర్లు నిలకడగా పోతుంటే అది వేరే జబ్బు. నీటిమట్టాన్ని బట్టి పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ కింద చెత్త, వల ముక్క ఇరుక్కుని స్విచ్ కిందికి దిగడం లేదు, పంపు వట్టిగా తిరుగుతోంది, నీళ్లు లేవు కాబట్టి 4 కంటే తక్కువే లాగుతోంది. రోజుకు 60 ఏహెచ్. ప్యానెళ్లు ఎంత ఎండలోనైనా అంత తేలేవు, పంపు సీలు కూడా కాలిపోతుంది.

కరెంటు తగ్గితే ఎక్కడ వెతకాలి

కాకినాడ 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మే 8, 9 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్షరాలా నడినెత్తిన ఉంటాడు. బోటు ఏ దిక్కుకు తిరిగినా పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కు అంతకంటే మంచి ఎండ రాదు. ప్యానెల్ కడిగి, ఆ రోజుల్లో బల్క్ దశలో వచ్చే కరెంటు రాసి పెట్టుకుంటే ఏడాది పొడవునా అదే కొలబద్ద. డిసెంబరు చివర సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పడుకున్న ప్యానెల్‌కు మధ్యాహ్నం కూడా ముప్పావు వంతే అందుతుంది. అప్పుడు 8 ఆంపియర్లు వస్తే తప్పు పట్టకూడదు.

తగ్గితే ముందు నీడ చూడాలి. నిషేధం రోజుల్లో వలలు బాగుచేస్తారు, క్యాబిన్ మీద ఆరేస్తారు. 36 సెల్స్ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక సెల్ మీద పడ్డ నీడ మొత్తం వరసను నొక్కేస్తుంది. సగం ప్యానెల్‌కు ఒక బైపాస్ డయోడ్ (నీడపడ్డ సగాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపేది) ఉంటుంది, అది పనిచేసినా ఆ సగం పోయినట్టే. 12 వోల్టుల బ్యాటరీకి మిగతా సగం ఇచ్చే 9 వోల్టులు దేనికీ పనికిరావు. ప్యానెళ్లు పారలల్‌లో పెట్టింది అందుకే, ఒకదాని మీద తాడు నీడ పడినా రెండోది తన పని తాను చేస్తుంది. పక్క బోటు స్తంభం నీడ పోటు, పాటును బట్టి కూడా కదులుతుందని గుర్తుంచుకోవాలి. నిన్న పదింటికి లేని నీడ ఇవాళ ఉంటుంది.

తర్వాత ఉప్పు, పక్షుల రెట్టలు. తెల్లవారాక గాజు చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో కడగాలి. కాలుతున్న గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. ప్యానెల్‌ను బల్లపరుపుగా కాక ఐదు డిగ్రీలు వాలుగా బిగిస్తే వాన నీరు నిలవదు, అంచున ఉప్పు చార కట్టదు.

ప్యానెల్ వైరు విప్పి వోల్టేజీ చూసేటప్పుడు మండుటెండలో 22 రాదు, 19.5 వరకు వస్తే బాగున్నట్టు. 10, 11 వస్తుంటే వెనక పెట్టెలో ఒక బైపాస్ డయోడ్ షార్ట్ అయ్యింది. విప్పే ముందు ప్యానెల్ కప్పాలి. కరెంటు పారుతుండగా లాగితే నిప్పురవ్వ నిలబడి కనెక్టర్ కరిగిపోతుంది. వరుస కూడా ముఖ్యం: కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

వోల్టేజీ బాగుండి కరెంటు రాకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ కనెక్టర్లలోనో లగ్గుల్లోనో ఉంటుంది. ఎండలో చార్జింగ్ నడుస్తుండగా ప్యానెల్ చివర, కంట్రోలర్ చివర వోల్టేజీలు కొలిచి తేడా చూడండి. వైరు పొడవు 8 మీటర్లయితే పోనూ రానూ 16. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 0.07 ఓమ్, 10 ఆంపియర్లకు 0.7 వోల్టు. అంతవరకు లెక్క సరిపోయింది. రెండు వోల్టులు తేడా ఉంటే ఎక్కడో పచ్చటి తుప్పు ఉంది. మామూలు రాగి వైరులో ఆ పచ్చదనం తొడుగు లోపల జానెడు దాకా పాకుతుంది, చివర కోసి కొత్త లగ్గు వేసినా లోపల నల్లగానే ఉంటుంది. మెరిసే రాగి కనిపించేదాకా కోయాలి, కుదిరితే తగరం పూసిన వైరు వేయాలి.

చౌక పీడబ్ల్యూఎం (ఎంపీపీటీ కాని, ప్యానెల్‌ను బ్యాటరీకి కలుపుతూ విడదీస్తూ చార్జ్ చేసే రకం) కంట్రోలర్ ఉన్న బోట్లలో దీనికి తలకిందులుగా ఉండే తప్పొకటి కనిపిస్తుంది: కరెంటు తగ్గదు, ఆగదు. మధ్యాహ్నానికి బ్యాటరీ 15.5 దాటి బుసబుస ఉడుకుతుంది, కుళ్లిన గుడ్డు వాసన. కంట్రోలర్ చెడిందని కొత్తది వేస్తారు, మర్నాడు మళ్లీ అదే. ఆ రకాల్లో చాలావాటికి లోపలి స్విచ్ మైనస్ దారిలో ఉంటుంది, ప్లస్ నేరుగా కలిసిపోయి ఉంటుంది. షంట్ పెట్టే ఉత్సాహంలో ప్యానెల్ మైనస్‌ను కూడా 'అన్ని మైనస్‌లూ ఒకచోటికే' అని బస్‌బార్‌కు కలిపేస్తే కంట్రోలర్‌ను చుట్టి దాటేసినట్టే. ప్యానెల్ నేరుగా బ్యాటరీలోకి పోస్తుంటుంది. ప్యానెల్ నుంచి వచ్చే రెండు వైర్లూ కంట్రోలర్‌కే పోవాలి, దారిలో దేన్నీ తాకకూడదు. మీటరు పెట్టిన వారం లోపు బ్యాటరీ నీళ్లు గబగబా తగ్గితే నేను ముందు చూసేది ఇదే.

ఇక ఇంజిన్ వేసినప్పుడు సోలార్ కరెంటు సున్నాకు పడటం తప్పు కాదు. రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్ వేసి ఉంటే ఆల్టర్నేటర్ 14.2 ఇస్తుంది, కంట్రోలర్ అది చూసి బ్యాటరీ నిండిందనుకుని వెనక్కి తగ్గుతుంది.

మే 14న ఒక పని

విక్ట్రాన్ కంట్రోలర్ యాప్‌లో రోజువారీ చరిత్ర 30 రోజులే ఉంటుంది, నిషేధం 61. మే రెండో వారంలో ఒకసారి ఫోన్‌లోకి దించుకోకపోతే ఏప్రిల్ లెక్కలు చెరిగిపోతాయి. అందులో వాట్-అవర్ల కంటే అబ్సార్ప్షన్‌లో ఎన్ని నిమిషాలు ఉందో చూడటం ముఖ్యం. రోజూ గంట పైన ఉంటే బ్యాటరీ నిండుతోంది. వరసగా మూడు రోజులు బల్క్ మాత్రమే కనిపించి, అబ్సార్ప్షన్ సున్నా ఉంటే బ్యాటరీ అప్పుల్లో పడుతోందని అర్థం, పొద్దున వోల్టేజీ ఇంకా బాగానే కనిపిస్తున్నా సరే.

మేలో వాయుగుండం పడితే దట్టమైన మబ్బులో ప్యానెళ్లు ఇచ్చేది పదో ఇరవయ్యో శాతం. 150 ఏహెచ్‌లో సగం, 75 వాడుకోదగ్గది. రోజుకు 22 చొప్పున మూడు రోజులు లాగుతుంది. ఫ్యాను ఆపితే రోజుకు పదికి దిగి వారం వస్తుంది. అయితే వాన నీరు కూడా బోటులోనే చేరుతుంది, పంపు వాడకం మూడింతలు రాసుకోవాలి. వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజే ఫ్యాను ఫ్యూజు తీసి పెట్టుకునే సరంగు తెలివైనవాడు.

జూన్ 14కి ముందు చివరి పరీక్ష. తెల్లవారుజామున, ప్యానెల్ ఇంకా లేవకముందు, వీహెచ్ఎఫ్‌ను 25 వాట్లకు పెట్టి వాడని చానెల్‌లో ఒక్క రెండు మూడు సెకన్లు బటన్ నొక్కాలి. సెట్టు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ పోస్టుల దగ్గర 12.4 ఉన్నది 12.2, 12.3 దగ్గర ఆగితే బ్యాటరీ ఆరోగ్యంగా ఉంది. పోస్టుల దగ్గర 12.2 ఉండి సెట్టు వెనక 11.4 కనిపిస్తే తప్పు బ్యాటరీది కాదు, మధ్య వైరుది. పోస్టుల దగ్గరే 11.6కి జారిపోతే మాత్రం హైడ్రోమీటరు తీసి ఆరు సెల్స్ చూడాలి. ఆ బ్యాటరీతో వేటకు పోకూడదు.